కమ్మీకి గుచ్చిన బొమ్మలు

“ఒకవేళ ఆ తలుపు లోపల్నుంచి తెరుచుకోలేదనుకో, అప్పుడెట్లమ్మే?”

ఈ మాట అనేటప్పటికి పొద్దున ఏడు కూడా కాలేదు. ఏ తలుపూ మూసుకోలేదు. చెంచులక్ష్మి ఇంకా తల కూడా దువ్వుకోలేదు. అయినా భయపడటానికి ఏదో ఒకటి జరిగి తీరాలన్న నియమం ఓబుళమ్మకు ఎప్పుడూ లేదు. కూతురు బస్సెక్కితే బ్రేకులు, బావి దగ్గరికి పోతే పాచి, జ్వరమొస్తే ఆ జ్వరం వెనకాల నక్కిన ఇంకో జ్వరం. జరగబోయేదానికంటే ఒక అడుగు ముందుగా పోయి చెడును పలకరించి రావడం ఆమెకు పుట్టుకతో వచ్చిన అలవాటు.

“తెరుచుకోకపోతే ఆడనే కాపురం పెడతాలే,” అంది చెంచులక్ష్మి అద్దంలోంచి.

“నోరు కడుక్కో! పొద్దున్నే ఏం మాటలవి?”

“మొదలుపెట్టింది నువ్వు కాదా మా?”

తల్లీకూతుళ్ళిద్దరూ ఎర్రమల కొండల దగ్గర పరిశోధనా కేంద్రం క్వార్టర్సులో ఉంటున్నారు. కొండ కింద మూడొందల అడుగుల లోతున ఇరవై మైళ్ళ చుట్టుకొలతతో ఉంగరంలాంటి సొరంగం ఉంది. సీసం పరమాణువుల నడిమి గింజలను, కేంద్రకాలంటారు వాటిని, అందులో ఎదురెదురుగా పరిగెత్తించి గుద్దిస్తారు. ఆ గుద్దులో ఏం పుడుతుందో చూడటం చెంచులక్ష్మి పని. ఐదో తరగతి దాకా చదివిన ఓబుళమ్మ, భర్త పోయాక పదిమందికి వండిపెట్టి కూతురిని అంతదాన్ని చేసింది. ఇప్పుడు కేంద్రం క్యాంటీనులో పొద్దుటి టిఫిను ఆమెదే.

ఆమె ఉగ్గాని కోసం బొరుగులు నానబెడుతూ అడిగింది. “అంత మంటలో ఏముంటాదని చూస్తారు మీరు? అంతా కాలి బూడిదై పోదా?”

చెంచులక్ష్మి జడ సగంలో వదిలేసి వచ్చింది. పొడి బొరుగులు గుప్పెడు తీసి రెండు చేతులతో చప్పున చరిచింది. బొరుగులు వంటిల్లంతా చెదిరిపోయాయి.

“ఇట్ల అయితాదనుకునేవాళ్ళు మొదట. దేని దారి దానిదే.” తర్వాత గిన్నెలోంచి నానిన బొరుగులు తీసి పిడికిలి బిగించింది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి. “కానీ అయ్యేది ఇదీ. చూడు, నీళ్ళు అన్నిపక్కలకూ పోలేదు. పిడికిలి యాడ పలచగుంటే ఆ పక్కకు, అన్నీ ఒకటే మాటమీద వచ్చినాయి. ఆ గుద్దులో పుట్టేది నిప్పురవ్వలు కాదు మా, నీళ్ళ మాదిరి పారేది. వేల కణాలు ఒకదాన్నొకటి తోసుకుంటా కలిసి పారతాయి. వాటి బొమ్మ చూస్తే, గుద్దు ఏ వాటంలో తగిలిందో చెప్పొచ్చు.”

“వంటిల్లంతా బొరుగుల పాలు చేసినావు,” అంది ఓబుళమ్మ. అర్థమైంది ఆమెకు. అర్థమైతే భయం తగ్గాలని ఎక్కడుంది?

ఆ ద్రవం బొట్టు ఎక్కడైనా పుట్టినంతసేపు పట్టకుండా మాయమయ్యేది. ఈ కేంద్రంవాళ్ళు దాన్ని అయస్కాంతాల ఊయలలో నిలిపి ఉంచడం కనిపెట్టారు. నిన్న సాయంత్రం పుట్టిన బొట్టు మాత్రం తెల్లారినా ఆరలేదు. ఊయలను తిప్పే చక్రానికున్న మోటారు బిగుసుకుపోయింది. ఎవరో ఒకరు గదిలోకి వెళ్ళి చక్రాన్ని చేత్తో పావు చుట్టు తిప్పితే బొట్టు మెల్లగా ఆరిపోతుంది.

“సీసం గోడ అడ్డముంటాది మా. పావుగంట పని. మధ్యాన్నం నీ క్యాంటీనులోనే తింటా.”

పదిగంటల పది నిమిషాలకు ఆమె గదిలోకి వెళ్ళింది. పదీ పన్నెండుకు బొట్టు ఉన్నట్టుండి ఇంకా పలచబడింది.

ఏ ద్రవానికైనా ఎంతో కొంత జిగట ఉంటుంది. పొర మీద పొర రాసుకుంటుంది. ఆ క్షణాన ఆ బొట్టులో జిగట అనేదే లేకుండా పోయింది. తర్వాత శాస్త్రవేత్తలు రాసిన వందల పేజీల సారం ఒక్కటే. అంత కలిసికట్టుగా పారే చోట కాలానికి కాలూనే పట్టు దొరకదు. గదిలో కాలం జారిపోతూ, ముందుకు పోలేకపోతూ నిలబడింది. బయటి గడియారాలు మాత్రం మామూలుగానే నడిచాయి. గదిలోని కెమెరా చూపించే బొమ్మ ముందు ఎర్రబడి, తర్వాత నల్లబడింది. ఫోను మూగబోయింది. తలుపు తీస్తే పారుదల చెదిరి బొట్టు అడ్డదిడ్డంగా పగులుతుంది, లోపలి మనిషి మిగలదు. అందుకని తలుపు ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఓబుళమ్మకు ఈ సంగతి చెప్పడానికి మస్తాన్‌వలిని పంపారు. చెంచులక్ష్మితో పాటు ఉద్యోగంలో చేరినవాడు, రోజూ ఆమె చేతి ఉగ్గాని తినేవాడు.

“పెద్దమ్మా, ఆమెకేం కాలేదు. ఆమె లెక్కలో లోపలికి పోయి రెండు నిమిషాలే అయింది.”

“పొద్దున పోయిందిరా నాయనా! మాపటేళయింది ఇప్పుడు!”

“అదే పెద్దమ్మా నేను చెప్పేది. మనకు దినమంతా గడిస్తే ఆమెకు ఒక రెప్పపాటు.”

“బతికుందా?”

ఉంది అని చెప్పడానికి వలి దగ్గర ఆధారం లేదు. “ఉంటాది పెద్దమ్మా,” అన్నాడు.

ఉంది అనే మాటకూ ఉంటుంది అనే మాటకూ మధ్య ఉన్న ఎడాన్ని ఓబుళమ్మ ఎనిమిదేళ్ళు మోసింది.

ఆ గది నుంచి బయటికి వచ్చేవి గోడను దాటుకొచ్చే కణాలు మాత్రమే. ఒకప్పుడు క్షణానికి లక్షలు వచ్చేవి, ఇప్పుడు చినుకుల్లా వస్తున్నాయి. వారమంతా పోగేస్తే గురువారం నాటికి ఒక బొమ్మ తయారయ్యేది. ఏ పక్కకు ఎన్ని కణాలు పారాయో చూపే బొమ్మ అది. కాగితం నడిమధ్య కోడిగుడ్డులా ఉండేది, ఒక కొస మొనదేలి. మొదటి గురువారం వలి దాన్ని ఆమెకు చూపించాడు.

“ఇట్ల గుడ్డు మాదిరి ఉందంటే లోపల ఇంకా చక్కగా పారతాందని గుర్తు పెద్దమ్మా. గుండ్రంగా అయిపోతే చెదిరిపోయిందని.”

ఆఫీసులో ఆ బొమ్మను దిద్ది, దిద్దినదాన్ని ఫైలులో పెట్టేవాళ్ళు. దిద్దనిది చెత్తబుట్టలోకి పోయేది. “పారేసేదైతే నాకియ్యండి,” అందామె. బిడ్డ ఉన్న చోటు నుంచి వచ్చిన కాగితం. ఉత్తరం కాక ఇంకేమిటి అది? వాళ్ళ ఊళ్ళో వచ్చిన ఉత్తరాలను గోడకు దిగ్గొట్టి కొస పైకి వంచిన కమ్మీకి గుచ్చి పెట్టేవాళ్ళు. క్వార్టర్సు గోడకు ఆమె అలాంటి కమ్మీ ఒకటి కొట్టించుకుంది. ప్రతి బొమ్మనూ మొనదేలిన కొస దగ్గరే గుచ్చేది. అప్పుడే గుడ్డు నిటారుగా వేలాడుతుంది. అది అడ్డంగా కనబడితే, కడుపులో బిడ్డ అడ్డం తిరిగినంత దిగులు ఆమెకు.

బొమ్మ తీసుకున్నాక, ఆఫీసులోంచి ఆ గదికి కలిపిన ఫోను ఎత్తి మాట్లాడేది. ఆ లైను ఎవరూ కత్తిరించలేదు.

“చెంచూ, గోడకు ఆనుకోవద్దు. చెమటతో ఫ్యాను కింద నిలబడొద్దు. ఆడ ఫ్యానుందో లేదో.” ఆపైన, “ఎదురింటోళ్ళ కోడలికి కవలలు. ఇద్దరూ సన్నగా ఉన్నారు, నాకెందుకో భయంగా ఉంది,” అనేది.

ఆమె గంటసేపు మాట్లాడినా లోపలికి చేరేది ఒక చిన్న చిటుక్కుమనే చప్పుడని వలికి తెలుసు. లోపలి నుంచి చెంచులక్ష్మి ఒక్క మాట పలికినా అది బయటికి రావడానికి రెండు రోజులు పడుతుందనీ, ఏ చెవికీ అందదనీ తెలుసు. ఎప్పుడూ చెప్పలేదు.

ఏళ్ళు గడిచాయి. ప్రయోగాలు ఆగిపోయాయి. ఉంగరం ఇప్పుడు కొత్తది కనిపెట్టడానికి కాదు, ఒక బొట్టును పట్టుకుని ఉండటానికే తిరుగుతోంది. చాలామంది వేరే చోట్లకు వెళ్ళిపోయారు. వలికి నుదురు పైకి జరిగింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, కానీ అతను కదల్లేదు. ఓబుళమ్మ తల ముగ్గుబుట్టయింది.

ఎనిమిదో ఏట ఒక ఆదివారం పొద్దున వలి టిఫినుకు వచ్చాడు. పళ్ళెం అతని ముందు పెడుతూ ఆమె తన కొత్త భయం బయటపెట్టింది.

“వలీ, ఈ ఇల్లు కూలేట్టుంది. ఎవరికన్నా చెప్పల్ల.”

“బంగారంలాంటి ఇల్లు పెద్దమ్మా. ఏమయింది?”

“గోడ ఒరిగింది. ఆ కాగితాలు చూడు. ఒకేచోట గుచ్చితే ఒకే తీరున వేలాడొద్దా? ఎనకవి తిన్నగా ఉండాయి, ముందరివి పక్కకు తిరిగినాయి. గోడ ఒరక్కుంటే అట్లెందుకైతాది?”

వలి నవ్వుతూ లేచాడు. ఒక దారానికి రాయి కట్టి గోడ పక్కన వేలాడదీశాడు. గోడ నిటారుగానే ఉంది. “చూసినావా? నీ భయాలకు గోడలే...” అంటూ కాగితాల వైపు తిరిగి, మాట మధ్యలో ఆగిపోయాడు.

నాలుగొందల పైచిలుకు కాగితాలు. గుడ్లన్నీ ఒకదాని మీద ఒకటి నిటారుగా ఉన్నాయి. కాగితాల అంచులు మాత్రం విసనకర్ర విప్పినట్టు, వెనక నుంచి ముందుకు కొంచెం కొంచెంగా పక్కకు తిరుగుతూ వచ్చాయి. మొదటి కాగితానికీ చివరి కాగితానికీ మధ్య జానెడు తేడా ఉంది.

ఉగ్గాని చల్లారిపోయింది. వలి కాగితాలను ఒక్కొక్కటే ఎత్తి చూస్తూనే ఉన్నాడు.

“ఏందిరా? చెడుదా?”

“పెద్దమ్మా, ఇవి దిద్దని బొమ్మలు కదా.” వలి మొదటి కాగితం, చివరి కాగితం పక్కపక్కన పట్టి చూపించాడు. “బొమ్మ రవ్వంత పక్కకు తిరిగినప్పుడల్లా మేం ఏమనుకున్నామో తెలుసా? కణాలను పట్టే యంత్రం పాతబడింది, అందుకే వంకర చూపిస్తాందని. ఎక్కడైనా అంతే చేస్తారు, మా పనిలో మొదటిరోజే నేర్పిస్తారు. మెల్లగా మారేదేదైనా యంత్రం ముసలితనమే అని. ప్రతిసారీ బొమ్మను దిద్ది, నెలకోసారి దానికి తగ్గట్టు అయస్కాంతాలను కూడా కొంత వెనక్కి తిప్పినాం.”

“అయితే?”

“యంత్రం సరిగ్గానే ఉందేమో. ఊయలే తిరుగుతాందేమో.” ఊయలను తిప్పే చక్రం లోపల ఉంది.

ఓబుళమ్మ దగ్గరికి వచ్చి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, కాగితాల అంచుల మీద వేలు పెట్టి నిమిరింది. ఒకచోట ఆగింది. “ఈడ ఈ నాలుగు కదల్లేదు.” ఇంకొంచెం ముందుకు జరిపింది. “మళ్ళా ఈడ ఐదు అంటుకున్నట్లుండాయి. ఆ తర్వాత మళ్ళా తిరిగినాయి.”

“యంత్రం పాతబడితే ఇట్ల ఆగి ఆగి కాదు,” అన్నాడు వలి తనలో తాను.

ఆమె వేలు కాగితాల మీదే ఉంది. ముప్పై ఏళ్ళు రుబ్బురోలు తిప్పిన వేలు అది.

“చెయ్యి మార్చుకుంటాందిరా,” అంది. “పొత్రం తిప్పి తిప్పి రెట్ట లాగితే, ఆపి చెయ్యి మార్చుకుంటాం. మళ్ళా తిప్పుతాం. నా బిడ్డ చెయ్యి మార్చుకుంటాంది.”

ఆపైన ఆమె కూలబడి ఏడ్చింది. ఎనిమిదేళ్ళలో వలి ఆమె ఏడుపు చూడటం అదే మొదలు. ఇంతకాలం ఆమె భయపడిందే తప్ప ఏడవలేదు. ఏడిస్తే అయిపోయినట్టే కదా అని.

పది రోజులపాటు వలి పాత లెక్కలన్నీ దిద్దుబాట్లు తీసేసి మళ్ళీ వేశాడు. కేంద్రం డైరెక్టరు విశాలాక్షి మేడం ఆ లెక్కలను మూడుసార్లు చూసి, ఓబుళమ్మను పిలిపించింది.

“కూర్చోండమ్మా. మేం చేసిన తప్పు ముందు చెప్పాలి. లోపల ఆమె ఒకవైపు తిప్పుతోంది. బయట నుంచి మేం దాన్ని వెనక్కి తిప్పుతున్నాం. ఆమె పావుగంట కష్టాన్ని మేం ఎనిమిదేళ్ళుగా చాలావరకు చెరిపేస్తూ వచ్చాం.” ఆమె కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. “అయస్కాంతాల పట్టు వదిలేస్తే ఆమె పని పూర్తవుతుంది. బొట్టు మెల్లగా ఆరిపోతుంది.”

“అయితే వదిలేయండి మేడం!”

“మా లెక్క తప్పయితే, అంటే తిరుగుతున్నది ఆమె చేత్తో కాక బొట్టు దానంతట అదే సడలి అయితే, పట్టు వదలగానే పగులుతుంది. ఆమె ఉండదు. నూటికి ఇరవై పాళ్ళు ఆ అవకాశం ఉంది. అందుకే మీ మాట లేకుండా నేను వదలను.” ఒక కాగితం ముందుకు జరిపింది.

ఓబుళమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

“వద్దులే మేడం. ఇట్లనే ఉండనీండి. ఇట్లుంటే సచ్చిపోలేదు కదా.”

“పెద్దమ్మా...” అన్నాడు వలి.

“నువ్వు మాట్లాడొద్దు! నూటికి ఇరవై అంటాంది, ఇనపడలేదా? నూటికి ఒకటైనా ఆ ఒకటి నాకే వస్తాది, నాకు తెలుసు.”

ఎవరూ ఒత్తిడి చేయలేదు. ఆ గురువారం ఆమె మామూలుగా ఫోను ఎత్తింది. జాగ్రత్తలు చెప్పబోయింది. గోడ, చెమట, ఫ్యాను. చక్రానికి అవతల పక్క చేతులానించి, పళ్ళు బిగించి, ఇదేందిది తిరగదే అనుకుంటూ నిలబడ్డ బిడ్డ కళ్ళకు కట్టింది. ఇవతల పక్క అదే చక్రాన్ని పట్టుకుని ఉన్నది ఎవరు? మేడమూ కాదు, వలీ కాదు. ఉండనీండి అన్నది తానే.

డైరెక్టరు గదిలోకి ఆమె తలుపు కొట్టకుండానే వెళ్ళింది.

“గట్టిగా పట్టుకునుంటే పోకుండా ఉంటాదనుకున్నా మేడం. నేను పట్టుకునేదే ఆ పిల్లకు బరువైతాంది.” కాగితం లాక్కుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పేరు రాసింది. “నాకు భయం పోయిందనుకోవద్దు. భయం అట్లనే ఉంది. సంతకం పెట్టినానంతే.”

మరుసటి సోమవారం పొద్దున అయస్కాంతాల పట్టు వదిలారు.

ఏమీ పగల్లేదు. ఏమీ మారలేదు కూడా. మొదటి గురువారం బొమ్మ పాతదాని మాదిరే ఉంది. రెండో వారమూ అంతే. మూడో వారం కాగితం కొంచెం ఎక్కువగానే తిరిగి వేలాడింది. నెల దాటాక గురువారం రావాల్సిన బొమ్మ మంగళవారమే తయారైంది. కణాలు త్వరత్వరగా వస్తున్నాయి. వలి పరిగెత్తుకుంటూ క్యాంటీనుకు వచ్చాడు.

“పెద్దమ్మా, లోపల కాలం కదులుతాంది!”

“గుడ్డు గుండ్రంగా అయితాందా?” ఆమె గరిటె పక్కన పెట్టింది.

“లేదు. గుడ్డు గుడ్డుగానే ఉంది, సన్నబడతాంది. కలిసి పారతానే ఆరిపోతాంది. ఆమె ఎట్ల అనుకుందో అట్లనే.”

తర్వాత రోజుకొక బొమ్మ వచ్చింది. ఆపైన గంటకొకటి. ఓబుళమ్మ గుచ్చడం మానేసింది. వెళ్ళిపోయిన పాతవాళ్ళు కొందరు కబురు విని తిరిగొచ్చారు. ఒక శనివారం మధ్యాహ్నం గది ఫోనుకు తగిలించిన, శబ్దాన్ని కొలిచే ముల్లు మొదటిసారి వణికింది.

“శబ్దం,” అన్నాడు వలి. “చెవికి అందనంత కింద ఉంది. పైకొస్తాది, ఉండండి.”

కాసేపటికి బల్ల మీద గ్లాసులో నీళ్ళు అలలు కట్టాయి. ఆ తర్వాత దూరంగా లారీ పోతున్నట్టు గరగర. అది ఎద్దు రంకెలా లేచి, మనిషి మూలుగులా మారి, ఎవరో బరువు తోస్తూ వదిలే ఊపిరిలా సన్నబడింది. ఆడమనిషి ఊపిరి. కణాల లెక్క చూపే తెరలో చినుకులు జల్లయ్యాయి, జల్లు తగ్గి ఒక్కసారిగా సున్నా అయింది.

“ఆరిపోయింది,” అంది విశాలాక్షి మేడం. గదిలోని కెమెరా బొమ్మ ఇంకా నల్లగానే ఉంది. ఫోనులో ఊపిరి చప్పుడు కూడా ఆగిపోయింది.

వలి ఫోను తీసి ఓబుళమ్మ చేతికిచ్చాడు. ఎనిమిదేళ్ళుగా ఎన్ని మాటలు పోసిందో అందులో. ఇప్పుడు ఒక్కటీ తోచలేదు. చివరికి ఆమెకు తెలిసిన ఒకే ఒక్క సంగతి అడిగింది.

“చెంచూ, చెయ్యి నొస్తాందామ్మే?”

చప్పుడు లేదు. వలి తల దించుకున్నాడు. మేడం గోడ గడియారం వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. ఓబుళమ్మ ఫోనును చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది. ఆ ఇరవై పాళ్ళూ ఆమె ముందు వరసగా వచ్చి నిలబడ్డాయి, ఆమె వాటిని ఒక్కొక్కటిగా చూస్తూ కదలకుండా నిలబడింది. ఎంతసేపో ఎవరూ లెక్కపెట్టలేదు.

అవతల ఏదో కిందపడ్డ చప్పుడైంది. ఎవరో దగ్గారు.

“నొప్పేం లేదులే మా, దీని దుంపతెగ, ఇప్పుడే కొంచెం తేలిగ్గా తిరిగింది. అయినా నువ్వేంటికి లైన్లోకొచ్చినావు? ఆ గొంతేంది, పండ్లూడిపోయిన ముసలామె మాదిరి?”